ఫిరంగుల దీవిలో నాన్నగారి క్యాసెట్టు

టెక్సాస్‌లో ఉన్న పదకొండేళ్ళలో ఆ దీవికి ఎన్నిసార్లు వెళ్ళానో నాకే గుర్తులేదు. నా అంతట నేను కావాలని వెళ్ళింది మాత్రం ఒక్కసారే. మిగతావన్నీ చుట్టాల కోసం.

డెబ్బైల చివర్లో ఇండియా నుంచి ఎవరైనా వస్తే వాళ్ళకి ఏదో ఒకటి చూపించాలి కదా. మా ఊళ్ళో ఏముంది? రోడ్లు, పార్కింగ్ లాట్లు, మళ్ళీ రోడ్లు. "ఇదేనా అమెరికా?" అని మా బావగారు వచ్చిన మర్నాడే మొహం మీద అడిగేశారు. ఆ అవమానం నుంచి మమ్మల్ని గట్టెక్కించింది ఆ దీవి. రెండు గంటలు డ్రైవ్ చేస్తే సముద్రం వస్తుంది. అక్కడ కారుతో సహా ఫెర్రీ అనే పెద్ద పడవ ఎక్కించుకుని అవతల దింపుతారు. దానికి టిక్కెట్టు కూడా లేదు. ఉచితమంటే ఫినాయిల్ అయినా తాగే రకం మనం. వచ్చిన వాళ్ళందరికీ ఫెర్రీయే తెగ నచ్చేది.

తెల్లవారుతూనే మా ఆవిడ పులిహోర కలిపి అల్యూమినియం కాగితంలో చుట్టేది. పెరుగన్నం ఐస్ పెట్టెలో వెళ్ళేది. పక్కలకి కర్ర రంగు అద్దిన పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి ఉండేది మాకు. ఏసీ తన ఇష్టం వచ్చినప్పుడు పనిచేసేది, టేప్ రికార్డర్ మాత్రం ఎప్పుడూ పనిచేసేది. వెనక సీట్లో ఐదుగురు చుట్టాలు, ఆ వెనక వాళ్ళ పిల్లలతో మా అమ్మాయి, అందరి ఒళ్ళోనూ ఏదో ఒక డబ్బా. ఇప్పుడు అందరికీ పెద్ద కార్లున్నాయి. అంత సంతోషంగా ఇరుక్కుని కూర్చున్నది మాత్రం ఆ కార్లోనే.

దీవి చివర మ్యూజియం. మ్యూజియం అంటే పాలరాయీ స్తంభాలూ ఏమీ ఉండవు. ఇసకదిబ్బల్లో సగం పాతిపెట్టిన కాంక్రీటు కొట్లు నాలుగు, వాటి ముందు సముద్రం వైపు నోళ్ళు తెరిచి కూర్చున్న రెండు పెద్ద ఫిరంగులు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు ఆ తీరం దాకా వచ్చి చమురు ఓడల్ని ముంచాయట. ఒడ్డున నిలబడిన వాళ్ళకి దూరంగా ఓడలు కాలడం కనబడేదట. అందుకని దీవి అంతా సైనికుల్ని దింపి, ఫిరంగులు బిగించి, ఇదే మా ముందు వరస అన్నారు. లోపల పాత యూనిఫాములు, తుప్పు పట్టిన గుండ్లు, సైనికులు ఇళ్ళకి రాసుకున్న ఉత్తరాలు, గోడ నిండా ప్రపంచ పటం ఒకటి. మా చుట్టాలు లోపల పది నిమిషాలు తిరిగి, బయటికొచ్చి ఫిరంగి మీద కాలు పెట్టి పులిని కొట్టిన జమీందారుల్లా ఫొటో దిగేవారు. తర్వాత పులిహోర. మా ఇంట్లో ఇప్పటికీ ఆ ఫొటోలు అట్టపెట్టె నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ అదే ఫిరంగి, కాళ్ళే వేరు.

ఆ మ్యూజియంలో ఒక క్యాసెట్టు ఉంది. అందులో మా నాన్నగారు తెలుగులో ఒకటి చెబుతారు, నేను దాన్ని ఇంగ్లీషులో ఇంకోలా చెబుతాను. నాకూ ఆయనకీ మధ్య జరిగిన పెద్ద విషయం ఏదన్నా ఉందంటే అదే.

ముందు నాన్నగారి కథ చెప్పాలి. మాది విశాఖపట్నం, పాత ఊరు. యుద్ధం రోజుల్లో జపాను విమానాలొచ్చి మా రేవు మీద బాంబులు వేశాయి. అప్పటికి నాన్నగారికి ఇరవై ఏళ్ళు. ఊళ్ళో ప్రతి వీధికీ ఒక కుర్రాణ్ణి ఎంచి, ఇనప టోపీ, ఈల, చేతికి పట్టీ ఇచ్చి వార్డెన్ అనేవారు. విమానాలొస్తే ఈల ఊది వీధిలో అందర్నీ కందకంలోకి దింపడం వాళ్ళ డ్యూటీ. మా వీధికి నాన్నగారు. ఆ వీధిలో కాలు పడిపోయిన ఒక ముసలావిడ అట్లు పోసి అమ్మేది. బాంబులు పడ్డ రోజు నాన్నగారు ఇనప టోపీ తీసి ఆవిడ తల మీద పెట్టి, ఆవిణ్ణి వీపు మీద వేసుకుని కందకంలోకి చేర్చారు. ఆ హడావిడిలో టోపీ పోయింది. ఇదీ కథ.

ఈ కథ నాన్నగారి నోట నేనెప్పుడూ వినలేదు. మా నాయనమ్మ చెప్పేది, అత్తయ్యలు చెప్పేవారు, వీధిలో వాళ్ళు చెప్పేవారు. ఆయన ఆ సమయానికి లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయేవారు. ఎంత వినయమో అనుకునేవాళ్ళం. ఇంకో సంగతి కూడా ఉంది. మా ఇంట్లో అట్లు పోసిన రోజున పెనం మీద నుంచి దిగిన మొదటి అట్టు నాన్నగారు తినేవారు కాదు. దాన్ని ఆకులో పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎవరు కనబడితే వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేవారు. ఆ ముసలావిడ మీద గౌరవం కాబోలనుకున్నాం. చిన్నప్పుడు బళ్ళో నేను ఎవరితో దెబ్బలాడినా ఆఖరి అస్త్రం అదే: "మా నాన్న బాంబుల్లో మనిషిని మోశాడు, మీ నాన్న ఏం చేశాడు?"

ఎనభై మూడు వేసవిలో నాన్నగారు మా దగ్గరికొచ్చారు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు. ఒక ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి ఏ ఆఫీసూ లేక, వంటింట్లో బల్ల ముందు కాఫీ గ్లాసుతో కూర్చునేవారు. ఎదురుగా ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ మీద మా అమ్మాయి వేసిన బొమ్మ అయస్కాంతాలతో అంటించి ఉండేది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. నేను చెప్పిన కథ విని, స్కూల్లో చెప్పడానికి వేసిన బొమ్మ అది: నీలం ఆకాశంలో మూడు విమానాలు, కింద ఒక బక్క మనిషి, అతని వీపు మీద టోపీ పెట్టుకున్న ముసలమ్మ. పైన పెద్ద అక్షరాలతో మా తాత హీరో అని ఇంగ్లీషులో రాసింది.

నాన్నగారు ఆరు వారాల పాటు రోజూ ఆ బొమ్మ ఎదురుగా కూర్చుని కాఫీ తాగారు. ఒకసారి కుర్చీ తిప్పి వేసుకుంటే, "అటు ఎండ పడుతుంది మావయ్యగారూ" అని మా ఆవిడ మళ్ళీ ఇటు తిప్పింది. ఇంట్లో అట్లు పోసినప్పుడు మొదటిది పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేవారు. వీధిలో మనిషి ఉంటేగా ఇవ్వడానికి! ముక్కలు చేసి రెయిలింగ్ మీద పెడితే పిచ్చుకలు తినేవి. అపార్ట్‌మెంట్ మేనేజర్ నుంచి నాకో చీటీ కూడా వచ్చింది, పక్షులకి తిండి పెట్టకూడదని.

ఒక శనివారం మామూలుగానే పులిహోర కట్టుకుని దీవికి బయల్దేరాం. నాన్నగారు, మా ఆవిడ, అమ్మాయి, నేను. నాకైతే విసుగే. ఆ ఫిరంగులు నాకు కంఠతా వచ్చు. నాన్నగారు మాత్రం మిగతా చుట్టాల్లా కాదు. ప్రతి ఉత్తరం ముందూ నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, ఫైలు చూసినట్టు చివరిదాకా చదివారు. ప్రపంచ పటం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. ఎక్కడెక్కడ దాడులు జరిగాయో అక్కడ ఎర్ర బల్బులు పెట్టారు. ఆయన వేలు మద్రాసు నుంచి మెల్లిగా పైకి జరిగి, కలకత్తా వెళ్ళకుండా మధ్యలో ఒకచోట నిలిచింది. అక్కడ బల్బు లేదు.

"మన ఊరు పెట్టలేదురా" అన్నారు.

ఆ మ్యూజియం చూసుకునే పెద్దాయన అది గమనించి మా దగ్గరికొచ్చాడు. ఆయన యుద్ధంలో ఆ దీవి మీదే ఫిరంగి దగ్గర పనిచేసినవాడు. శనాదివారాలు జీతం లేకుండా వచ్చి కూర్చునేవాడు. నన్ను చాలాసార్లు చూశాడు కాబట్టి ముందు నాకో నవ్వు పారేశాడు. ఏం వెతుకుతున్నారని అడిగితే నేను చెప్పాను: మా ఊరి మీద బాంబులు పడ్డాయి, మా నాన్నగారు ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉన్నారు. పెద్దాయన తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేం ఇక్కడ బాంబులు పడతాయని మూడేళ్ళు కాచుకుని కూర్చున్నాం. ఒక్కటీ పడలేదు. ఈ ఫిరంగులు శత్రువు మీద ఒక్కసారి కూడా పేలలేదు. మీకు పడ్డాయా!" అన్నాడు. ఆ రోజులు చూసిన వాళ్ళెవరైనా వస్తే వాళ్ళ మాటలు టేపు చేసి దాస్తానని, అభ్యంతరం లేకపోతే మాట్లాడమని నాన్నగారిని అడిగాడు.

నాన్నగారు ఎప్పటిలా చెప్పులు వెతుక్కుంటారనుకున్నాను. వెతుక్కోలేదు. "వీళ్ళ యాస నాకు అందదురా. నేను తెలుగులో చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో చెప్పు" అన్నారు. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. చిన్నప్పట్నుంచీ నేను ఊరంతా చాటిన కథ, ఇన్నాళ్ళకి ఆయన నోట వినబోతున్నాను. అదీ అమెరికాలో, టేపు మీద.

వెనక ఒక చిన్న గది. బల్ల మీద క్యాసెట్ రికార్డర్. మా అమ్మాయి తాత పక్కన స్టూలెక్కి కూర్చుని, "థాంక్యూ అంకుల్" అని ఆ పెద్దాయనకి చెప్పింది. ఊళ్ళో ఉన్న ప్రతి ముసలాయన్నీ అంకుల్ అనడం మన పిల్లలకి అలవాటు. ఆయనకి అది తెలియదు కదా, తెగ మురిసిపోయాడు. తర్వాత మీట నొక్కాడు.

నాన్నగారు బల్ల వైపు చూస్తూ, గొంతు తగ్గించి, ఆపకుండా చెప్పారు.

"ఆవేళ నేను వీధి చివర నిలబడి ఉన్నాను. విమానాల చప్పుడు వినబడింది. మనవే అనుకున్నాను. తరవాత రేవు వైపు భూమి అదిరింది. ఈల నా చేతిలోనే ఉంది. నోట్లో పెట్టుకోలేదు. ఆ ముసలావిడ ఇల్లు నాకు పది బారల దూరం. తలుపు తీసే ఉంది. నన్ను చూసింది. 'బాబూ' అని పిలిచింది కూడాను. నేను కాళ్ళకి బుద్ధి చెప్పేను. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారే, అదీ నా ఆలోచన. అదైనా అప్పుడు ఆలోచించలేదు, పరిగెత్తేను అంతే. సింహాచలం కొండ వైపు పడ్డాను. టోపీ బరువని దార్లో చెరుకు తోటలో పారేసేను."

నేను వింటున్నాను. ఎవరి గురించి చెబుతున్నారో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"నాలుగో రోజున సిగ్గు చంపుకుని తిరిగొచ్చేను. ఆవిడ ఇంటి ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కందకం దాకా తనే పాక్కుంటూ వెళ్ళిందట. మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి. చుట్టూ వీధి వీధంతా ఉంది. నన్ను చూడగానే గట్టిగా, అందరికీ వినబడేలాగ, 'ఇదిగో, నన్ను వీపు మీద మోసుకెళ్ళిన బిడ్డ వచ్చేడు' అంది. పెనం మీద మొదటి అట్టు తీసి నా చేతిలో పెట్టింది. అది తినకుండా ఉంటే నిజం చెప్పినట్టయ్యేది. తిన్నాను. ఎందుకలా చెప్పేవని ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు. అడగడానికి మొహం ఏదీ? రెండేళ్ళకి పోయింది."

అక్కడితో ఆపి, నా వైపు చూసి, "చెప్పు" అన్నారు.

రికార్డర్ తిరుగుతోంది. పెద్దాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. అమ్మాయి కూడా నన్నే చూస్తోంది. తాత మాట్లాడిన అంత జోరు తెలుగు దానికి అందలేదు. 'కందకం' అంటే ఏమిటో దానికి తెలియదు. 'కాళ్ళకి బుద్ధి చెప్పడం' అంటే అసలే తెలియదు. దానికి తెలిసేదల్లా ఇక నేను చెప్పబోయేదే.

నేను చెప్పాను. విమానాలొచ్చాయనీ, మా నాన్నగారు ఈల ఊదారనీ, ఇనప టోపీ తీసి ముసలావిడ తల మీద పెట్టారనీ, వీపు మీద వేసుకుని పరిగెత్తారనీ చెప్పాను. చిన్నప్పట్నుంచీ చెప్పిన కథే కదా, ఒక్క మాట తడబడలేదు. ఇంగ్లీషు అంత బాగా నేను ఆఫీసులో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఎందుకలా చేశానంటే, అప్పుడైతే ఆయన పరువు కోసమే అనుకున్నాను. పరాయి దేశంలో, పరాయి సైనికుడి ముందు, మా నాన్న పారిపోయానని చెప్పుకోవడమేమిటి? ఇప్పుడు అనిపిస్తుంది, పరువు నాదే. ఆ కథ లేకపోతే బళ్ళో నేను ఎవరితో ఏం చెప్పి గెలిచేవాణ్ణి? నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. నలభై ఏళ్ళు దాచినవాడు ఇంకో పదేళ్ళు దాచలేడా అని. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

పెద్దాయన కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి, నాన్నగారికి సెల్యూట్ కొట్టాడు. నాన్నగారు చెయ్యెత్తలేదు. కళ్ళజోడు తీసి, జేబులో పెట్టుకుని, మెల్లిగా గదిలోంచి బయటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం ఫిరంగి పక్కన బల్ల మీద పులిహోర తిన్నాం. నాన్నగారు పెరుగన్నం ఒకటి తిని చెయ్యి కడుక్కున్నారు. ఫొటోకి పిలిస్తే రాలేదు. తర్వాత కారెక్కి వెళ్ళి ఫెర్రీ కోసం వరసలో నిలబడ్డాం. ఎండ, ఉప్పుగాలి, పైన కొంగల్లా తెల్లగా సముద్రపు పక్షులు. మా అమ్మాయి కిటికీలోంచి వాటికి రొట్టె విసురుతోంది. ఫెర్రీ ఇంకా సగం దూరంలో ఉంది.

"నాకు ఇంగ్లీషు రాదనుకున్నావేటి?" అన్నారు నాన్నగారు, ముందు సీట్లోంచి, అద్దంలోకి చూస్తూ.

నేను వరసలో కారు కొంచెం ముందుకి జరిపాను.

"నలభై ఏళ్ళు దొరల దగ్గరా, దొరల్లాంటి మనవాళ్ళ దగ్గరా డ్రాఫ్టులు రాసేనురా. నువ్వు చెప్పిన ప్రతి ముక్కా అర్థమైంది."

"మరి నన్నెందుకు చెప్పమన్నారు నాన్నగారూ? మీరే చెప్పొచ్చుగా."

"నీకు చెప్దామని. ఇంట్లో కూర్చోబెట్టి నీ మొహం చూస్తూ చెప్పలేకపోయేను. ఆరు వారాలు చూసేను." నా వైపు తిరిగి అన్నారు, "కారు తిప్పు."

"ఫెర్రీ వచ్చేస్తోంది. ఇది వదిలేస్తే మళ్ళీ గంట ఆగాలి. వచ్చే వారం వద్దాం లెండి."

"ఆ ముసలావిడ ఒకసారి నా నోరు మూసింది. నువ్వు రెండోసారి మూసేవు. మూడోసారికి నేను ఉంటానో లేదో." వెనక సీట్లో మనవరాల్ని చూపించారు. "ఇదిగో, ఇది ఏది వింటే అదే మిగులుతుంది. మా అమ్మ చెప్పింది నీకు మిగిలింది చూడు, అలాగ. ఆవేళ నేను వెనక్కి తిరగడానికి నాలుగు రోజులు పట్టిందిరా. ఇవాళ ఒక పూటే అయింది. తిప్పు."

వెనక సీట్లోంచి మా ఆవిడ, "తిప్పండి" అంది. ఆవిడకి గదిలో జరిగింది ఏమీ తెలియదు, బయట బల్ల మీద పులిహోర సర్దుతూ ఉండిపోయింది. అయినా ఆ గొంతు విని తిప్పమంది. వెనక కార్ల వాళ్ళు హారన్లు కొడుతుంటే ఎలాగో వరసలోంచి బయటపడి తిప్పాను.

మ్యూజియం దగ్గర దిగి నాన్నగారు మనవరాలి చెయ్యి పట్టుకున్నారు. నేను కూడా తలుపు తీస్తే, "నువ్విక్కడే ఉండు" అన్నారు. బళ్ళో మేష్టారు గోడకుర్చీ వేయించిన వాడిలా ఫిరంగి నీడలో నిలబడ్డాను. పదిసార్లు చూసిన ఆ ఫిరంగి మీద ఏమి రాసుందో మొదటిసారి చదివాను. దాని బరువు, పొడుగు, తయారైన చోటు. ఎంత దూరం పేలుతుందో కూడా ఉంది.

అరగంటకి ముగ్గురూ బయటికొచ్చారు. ఈసారి పెద్దాయన సెల్యూట్ కొట్టలేదు. నాన్నగారి భుజం మీద చెయ్యి వేసి కారు దాకా నడిచాడు. ఇద్దరూ పెన్షన్ రోజు బ్యాంకు దగ్గర కలుసుకున్న పాత స్నేహితుల్లా ఏదో మాట్లాడుకుంటున్నారు. యాస అందదన్న మనిషి!

మా అమ్మాయి కారెక్కి, సీటు బెల్టు పెట్టుకుంటూ, "డాడీ, నువ్వు రాంగ్ చెప్పావ్" అంది. కోప్పడినట్టు కాదు, లెక్క తప్పిందని చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అవునమ్మా" అన్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారని ఆ రోజు నేను అడగలేదు. తర్వాతా అడగలేదు.

రెండు రోజుల తర్వాత ఫ్రిజ్ మీద కొత్త బొమ్మ వెలిసింది. ఈసారి తాతకి కాళ్ళు చాలా పొడుగ్గా వేసింది, గాల్లో ఉన్నాడు. టోపీ ఒకచోట, ఈల ఒకచోట ఎగిరిపోతున్నాయి. ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతోంది. నాన్నగారు కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి ఎంత నవ్వారో! కుర్చీ దాని ఎదురుగానే వేసుకున్నారు. ఇండియా వెళ్ళేటప్పుడు ఆ బొమ్మ మడత పడకుండా రెండు పంచెల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళారు. పాతది ఏమైందో నాకు తెలియదు.

ఆయన ఉన్న ఆ మిగతా నెల మా ఆవిడ నాలుగుసార్లు అట్లు పోసింది. బ్లెండర్‌లో రుబ్బి, ఓవెన్‌లో దీపం వేసి పులియబెట్టిన పిండి. మొదటి అట్టు మా అమ్మాయే ప్లేటులో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేది. తాతా మనవరాలూ ఇద్దరూ కలిసి ముక్కలు చేసేవారు. మేనేజర్ నుంచి రెండో చీటీ వచ్చింది. దాన్ని చింపేశాను.

నాన్నగారు ఎనభై ఏడులో పోయారు. మరుసటేడాది వేసవికి నాకు కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి, ఇల్లు సర్దుకుంటున్నాం. స్టేషన్ వ్యాగన్ అమ్మకానికి పెట్టాను. అది వెళ్ళిపోయే ముందు వారం ఒక్కణ్ణీ ఎక్కి దీవికి వెళ్ళాను. ఎవరికీ చూపించడానికి కాదు. పులిహోర లేదు, పక్క సీటు ఖాళీ. ఫెర్రీ మీద నిలబడితే పదేళ్ళ చుట్టాలందరూ గుర్తొచ్చారు. వాళ్ళ నూనె చేతులు, వాళ్ళ చాదస్తాలు, "ఇదేనా అమెరికా" అన్న బావగారు. విసుక్కుంటూ గడిపిన ఆ శనివారాలు ఎంత మంచివో అప్పుడు తెలిసింది.

పెద్దాయన ఇంకా ఉన్నాడు, చేతికర్ర వచ్చింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నాన్నగారు పోయారని చెబితే టోపీ తీశాడు. అడక్కుండానే లోపలికి తీసుకెళ్ళి, చెప్పుల డబ్బాలోంచి క్యాసెట్టు తీశాడు. దాని మీద పెద్దాయన చేతిరాతతో, రెండూ వినాలి అని ఇంగ్లీషులో ఉంది. రికార్డర్‌లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, నన్ను వదిలి వెళ్ళాడు.

నాన్నగారి తెలుగు విన్నాను. నా అబద్ధం విన్నాను. ఐదేళ్ళ తర్వాత కూడా ఎంత ధీమాగా ఉందో ఆ గొంతు. తర్వాత కాసేపు ఖాళీ టేపు తిరిగి, మళ్ళీ నాన్నగారు మొదలుపెట్టారు, ఈసారి ఇంగ్లీషులో. ఆఫీసు ఉత్తరంలా, 'పొద్దున్న నమోదైన వాంగ్మూలాన్ని దయచేసి సరిదిద్దగలరు' అంటూ. ఈల, చెరుకు తోట, మొదటి అట్టు, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఆపి, అర్థమైందా అని మా అమ్మాయిని రెండుసార్లు అడిగారు. అయింది తాతా అంది అది.

చివర్లో పెద్దాయన గొంతు అడిగింది, మరి మీ అబ్బాయి ఎందుకలా చెప్పాడు అని. దానికి నాన్నగారు ఇచ్చిన జవాబు నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.

"మా అబ్బాయిని తప్పు పట్టకండి. ఆ ముసలావిడ నన్ను నలభై ఏళ్ళు మోసింది. ఇవాళ పొద్దున్న వీడు మోశాడు. ఇద్దరూ ప్రేమతోనే మోశారు. కానీ సార్, నా కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ రోజు చాలా బాగా పరిగెత్తాయి కూడా. ఇక దిగి నడుస్తాను."

తర్వాత మా అమ్మాయి నవ్వు వినిపించింది. టేపు అయిపోయింది.